కుర్సురాకి తుప్పు ఎందుకు పట్టలేదు? ఘాజీని ఎందుకు పైకి తియ్యలేదు? (మా బాబు అడిగిన రెండు ప్రశ్నలు, తెలిసినవాళ్ళు చెప్పండి)

మధురవాడ నాన్న:

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో మా బాబుని వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్ళా, వాడు ఆరో క్లాసు. నేను మొదటిసారి చూసింది 2002లో, ఆగస్టులో జనాలకి ఓపెన్ చేసిన కొత్తలో, అప్పుడు ఇంటర్ చదువుతున్నా, ఎండలో గంటన్నర లైన్లో నిలబడి లోపలికి వెళ్ళిన గుర్తు. మళ్ళీ ఇన్నాళ్ళకి.

లోపల గైడుగా ఉన్నాయన నేవీలో పనిచేసి రిటైర్ అయినవాళ్ళట, మా వాణ్ణి దగ్గరికి పిలిచి అన్నీ చూపించారు. టార్పెడోల పక్కనే పడక, దాని మీద ఇంకో పడక, గది నుంచి గదికి వెళ్ళాలంటే ఆ గుండ్రటి తలుపులోంచి ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తర్వాత రెండో కాలు. మొత్తం 75 మంది ఇందులో ఉండేవాళ్ళు, నీళ్ళు తాగడానికీ వంటకీ తప్ప స్నానానికి ఉండేవి కావు అంటే మా వాడు నోరు తెరిచేశాడు. 1969 డిసెంబర్లో అప్పటి సోవియట్ యూనియన్ రీగాలో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైర్ అయింది, మధ్యలో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది అని చెప్పారు.

బయటికొచ్చాక వాడు రెండు ప్రశ్నలు అడిగాడు, రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. ఒకటి, మా ఫ్లాట్ కిటికీ గ్రిల్‌కి రెండేళ్ళ కింద పెయింట్ వేయించాం, సముద్రం మాకు మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది, అయినా గ్రిల్ అప్పడంలాగ రేకులు రేకులుగా లేచిపోతోంది. మరి ఈ 91 మీటర్ల ఇనుము ఇరవై ఏళ్ళకి పైగా అలల పక్కన ఇసుకలో ఎలా నిలబడింది నాన్నా అన్నాడు. రెండోది, అక్కడే విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిలబడి 1971 యుద్ధం గురించి, అందులో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ గురించి చెప్పి, అదిగో ఆ నీళ్ళలోనే మునిగిందిరా అన్నా. వెంటనే "ఇక్కడే ఉంటే పైకి తీసి కుర్సురా పక్కన పెట్టొచ్చు కదా" అన్నాడు. నిజమే కదా, 2024లో నేవీ వాళ్ళు ఘాజీని కనిపెట్టారని పేపర్లో చూశా, మరి ఎందుకు తియ్యలేదు?

తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, వాడికి చదివి వినిపిస్తా. మనదేశం వాళ్ళదేశం అని తిట్టుకోవడం మాత్రం వద్దు ప్లీజ్.

హల్ సెక్షన్ తాత:

బాబూ, మీ అబ్బాయికి ముందు నా ఆశీస్సులు చెప్పండి. మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, ముప్ఫై ఏళ్ళకి పైగా నా పని అదే, ఓడల ఒళ్ళు చూసుకోవడం. చిప్పింగ్ హామర్, అంటే తుప్పు కొట్టే సుత్తి, పట్టుకుని చేరాను, థిక్‌నెస్ గేజ్ పట్టుకుని రిటైర్ అయ్యాను.

కుర్సురాలాంటి సబ్‌మెరైన్‌కి ఒళ్ళు ఒకటి కాదు, రెండు. లోపలిది ప్రెషర్ హల్, మందపాటి గట్టి ఉక్కు, సముద్రం లోతులో బరువు మోసేది అదే. బయట మీకు కనపడే నల్లటి ఒళ్ళు పల్చటిది, ఆ రెండిటి మధ్య ట్యాంకులు, పైపులు, నీళ్ళు వచ్చిపోయే ఖాళీలు ఉంటాయి. తుప్పు ముందు ఎప్పుడూ ఆ మధ్యలోనే మొదలవుతుంది, చెయ్యి దూరని చోట. పైన నున్నగా మెరుస్తున్నా లోపల్నుంచి తినేస్తుంటుంది, అందుకే కంటితో చూసి బాగుంది అనకూడదు, గేజ్ పెట్టి ప్లేటు ఎంత మందం మిగిలిందో మిల్లీమీటర్లలో కొలుచుకోవాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. నీళ్ళలో ఉన్నప్పుడు ఓడకి జింక్ దిమ్మలు బిగిస్తాం, ఆనోడ్లు అంటాం, సముద్రం ఉక్కుని వదిలేసి ముందు ఆ జింక్‌ని తింటుంది, అరిగిపోయాక కొత్తవి వేస్తాం. కానీ అది నీళ్ళలో మునిగి ఉంటేనే పనిచేస్తుంది. ఒడ్డున పెట్టాక జింక్ ఏ సాయం చెయ్యదు, ఇక పెయింటే దిక్కు. అలలు కొట్టకపోయినా ఉప్పుగాలి చాలు, పగలు ఉప్పు పేరుకుంటుంది, తెల్లవారుజామున మంచు పడి ఆ ఉప్పు కరుగుతుంది, రోజూ అదే వరస.

అందుకని పెయింట్ వేసే పని చిన్నది, పెయింట్ కింద చేసే పని పెద్దది. ముందు మంచినీళ్ళతో ప్రెషర్ పెట్టి ఉప్పంతా కడగాలి. ఇది చెయ్యకుండా ఎంత ఖరీదు పెయింట్ వేసినా కింద ఉప్పు తేమ లాగి బుడగలు లేపేస్తుంది. తర్వాత తుప్పు కొట్టి, బ్లాస్టింగ్ చేసి, అంటే ఇసుకలాంటి రవ్వని గాలి ప్రెషర్‌తో కొట్టి, వెండిలా మెరిసే ఉక్కు కనపడేదాకా తియ్యాలి, కనపడ్డ కొన్ని గంటల్లోపే ప్రైమర్ పడాలి, సాయంత్రం మంచు పడేదాకా వదిలేస్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే. దాని మీద ఎపాక్సీ కోట్లు, ఆ పైన ఎండకి తట్టుకునే పై కోటు. నీళ్ళు నిలిచే మూలలుంటే కన్నం పెట్టి దారి ఇవ్వాలి. అన్నిటికంటే కష్టమైన చోటు అడుగున, సబ్‌మెరైన్‌ని మోసే దిమ్మల మీద ఒళ్ళు ఆనుకునే చోటు. అక్కడ బ్రష్ దూరదు, నీళ్ళు దిగితే ఆరవు.

మీ కిటికీకి కూడా ఇదే మందు. వాన వెలిశాక ఒక ఎండ రోజు చూసి, పొద్దున్నే మంచినీళ్ళతో కడిగి, ఆరాక వైర్ బ్రష్‌తో ఇనుము తెల్లబడేదాకా రుద్ది, మధ్యాహ్నం మూడు లోపల ప్రైమర్ కొట్టించండి. పెయింటర్ పాత రేకుల మీదే కొట్టేస్తానంటే ఒప్పుకోకండి.

ఇంకొక్క మాట. కుర్సురాని అక్కడికి చేర్చడమే పెద్ద కథ. వైస్ అడ్మిరల్ పస్రీచా గారి ఆలోచన అది. నీళ్ళలోంచి ఒడ్డుకి 600 మీటర్లు లాగి కాంక్రీటు పునాది మీద కూర్చోబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది, ఐదున్నర కోట్లు ఖర్చయింది. ఇసుకలో రెండువేల టన్నుల వస్తువుని లాగడం అంటే మాటలు కాదు, ఇవాళ ఒక అడుగు కదిలితే రేపు కదలదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి బీచ్ రోడ్డుని ఏం చేసిందో మనందరం చూశాం కదా, చెట్లు లేవు, స్తంభాలు లేవు, కుర్సురా మాత్రం కూర్చున్నచోటే కూర్చుంది. ఆ వారం నేను నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చాను, ఇంట్లో కరెంటు లేకపోయినా సరే.

1971లో బంగాళాఖాతంలో యుద్ధం చేసిన విమానవాహక నౌక విక్రాంత్‌ని మాత్రం నిలుపుకోలేకపోయాం. ముంబైలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంచారు, చివరికి 2014లో తుక్కు కింద ముక్కలు చేశారు. ఒళ్ళు పాడైంది, బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేలలేదు. నాకది ఇప్పటికీ బాధే.

సముద్ర సర్వే:

తాతగారు చెప్పినదాని తర్వాత మొదటి ప్రశ్నకి చెప్పేదేం లేదు. నేను సర్వే బోట్ల మీద పనిచేస్తా, హైడ్రోగ్రఫీ, అంటే సముద్రం అడుగుని కొలిచే పని, కాబట్టి రెండోది నాకు వదిలేయండి.

ముందు ఒకటి సరిచెయ్యాలి. ఘాజీ ఎక్కడుందో 1971 నుంచీ సుమారుగా తెలుసు. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగింది, ఆ నెలలోనే నేవీ డైవర్లు కిందికి దిగి చూశారు. 2024లో జరిగింది ఏంటంటే, మన దగ్గర 2018 నుంచి ఉన్న డీఎస్‌ఆర్‌వీతో వెళ్ళి చోటు ఖాయం చేసుకుని చూసొచ్చారు. డీఎస్‌ఆర్‌వీ అంటే సబ్‌మెరైన్ ఏదైనా చెడిపోయి అడుగున ఇరుక్కుపోతే లోపల ప్రాణాలతో ఉన్నవాళ్ళని ఎక్కించుకుని పైకి తెచ్చే చిన్న వాహనం. నేవీ వాళ్ళు చెప్పిన లోతు సుమారు 100 మీటర్లు.

ఇక మామూలుగా పోయినదాన్ని ఎలా వెతుకుతాం అంటే, మా పని అచ్చం పొలం దున్నడమే. ఆఖరిసారి ఎక్కడ కనపడింది, గాలి ఎటు, ప్రవాహం ఎటు అని లెక్కేసి మ్యాప్ మీద ఒక పెట్టె గీసుకుంటాం, ఆ పెట్టెలో చాలు వెంట చాలు బోటు నడుపుతాం, ఒక చాలుకీ పక్క చాలుకీ మధ్య ఖాళీ ఉండకూడదు, కొంచెం ఒకదాని మీద ఒకటి పడాలి. బోటు వెనక కేబుల్‌కి కట్టి సైడ్ స్కాన్ సోనార్‌ని లాగుతాం, మేము దాన్ని ఫిష్ అంటాం. అది రెండు పక్కలకీ శబ్దం వదులుతుంది, అడుగున తగిలి తిరిగొచ్చేది గీత గీతగా స్క్రీన్ మీద బొమ్మ అవుతుంది. ఇసుక మెత్తగా బూడిద రంగులో వస్తుంది, ఇనుము గట్టిగా మెరుస్తుంది. కానీ మేము ముందు చూసేది మెరుపుని కాదు, దాని వెనక పడే నీడని. సాయంత్రం ఎండలో కొబ్బరిచెట్టు నీడ చూసి చెట్టు ఎంత ఎత్తో చెప్పినట్టు, ఆ నీడ పొడవుని బట్టి వస్తువు అడుగు నుంచి ఎంత లేచి ఉందో లెక్క కట్టొచ్చు. రాయి నీడ గుట్టలా ఉంటుంది, సబ్‌మెరైన్ నీడలో కన్నింగ్ టవర్, అంటే దాని వీపు మీద లేచి ఉండే గోపురంలాంటిది, వేలెత్తి చూపినట్టు కనపడుతుంది. మొదటిసారి నా స్క్రీన్ మీద ఒక పాత బార్జ్ నీడ వచ్చినప్పుడు రాత్రి రెండున్నర, పక్కన నిద్రపోతున్నవాణ్ణి లేపేశా.

ఇసుకలో కూరుకుపోతే సోనార్‌కి కనపడదు, అప్పుడు మాగ్నెటోమీటర్ లాగుతాం, ఇనుము ఉన్నచోట రీడింగ్ ఎగురుతుంది. అనుమానం ఉన్నచోట కెమెరా ఉన్న ఆర్‌ఓవీని, అంటే బోటు మీద నుంచి నడిపే చిన్న రోబోని, దింపి కంటితో చూసేదాకా ఏదీ ఖాయం కాదు.

ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. ఆస్ట్రేలియా వాళ్ళ మొదటి సబ్‌మెరైన్ ఏఈ1 1914 సెప్టెంబర్లో 35 మందితో పోయింది, దొరికింది 2017 డిసెంబర్లో, 13వ సారి వెతికినప్పుడు. ఇజ్రాయెల్ డకార్ 1968లో పోతే 1999లో సుమారు 3,000 మీటర్ల లోతులో దొరికింది. అర్జెంటీనా శాన్ హువాన్ 2017 నవంబర్ 15న 44 మందితో మాయమైంది, ఏడాది దాటిన ఒకటి రెండు రోజుల్లోనే 907 మీటర్ల లోతులో చూశారు.

మన దగ్గరిదే చెప్తా. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో సముద్రం మీద పోయింది, అందులో 8 మంది మన వైజాగ్ ఎన్‌ఏడీ, అంటే నేవీ ఆయుధ డిపో, ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి, ఏమీ దొరకలేదు. 2024 జనవరిలో చెన్నైలోని సముద్ర పరిజ్ఞాన సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్ళ మానవరహిత వాహనం చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో 3,400 మీటర్ల లోతున ఆ శకలాల ఫోటోలు తీసింది. ఏడున్నరేళ్ళు. ఆ ఇళ్ళలో అన్నాళ్ళూ ఫోన్ మోగితే ఎలా ఉండేదో ఆలోచించండి. ఇంత డబ్బు పెట్టి వెతకడం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెప్తా.

చార్లెస్టన్ దగ్గర తెలుగోడు:

మాది గాజువాక, ఇప్పుడు ఉండేది అమెరికాలో సౌత్ కరోలినా. "పైకి తీసి పక్కన పెట్టొచ్చు కదా" అన్న బాబు ప్రశ్నకి మా ఊరి పక్కనే జవాబు ఉంది. హన్లీ అని, ఇక్కడి అంతర్యుద్ధం నాటి సబ్‌మెరైన్. 1864 ఫిబ్రవరి 17 రాత్రి శత్రువుల ఓడ హౌసటోనిక్‌ని ముంచింది, యుద్ధంలో ఓడని ముంచిన మొట్టమొదటి సబ్‌మెరైన్ అదే, తిరిగి మాత్రం రాలేదు. ఇంజిన్ లేదు, ఏడుగురు వరసగా కూర్చుని చేత్తో క్రాంక్ తిప్పాలి, ఎనిమిదో మనిషి కెప్టెన్. పొడవు మన ఆర్టీసీ బస్సంత. అంతకుముందే ట్రయల్స్‌లో రెండుసార్లు మునిగి 13 మంది పోయారు, వాళ్ళలో దాన్ని తయారుచేయించిన హన్లీ కూడా ఉన్నాడు, అయినా మళ్ళీ 8 మంది ఎక్కారు.

ఒక నవలా రచయిత సొంత డబ్బులు పెట్టి 1980 నుంచి వెతికించాడు, పైన అన్న చెప్పిన మాగ్నెటోమీటర్‌తోనే, 1995లో బురద కింద దొరికింది. 2000 ఆగస్టు 8న పైకి తీశారు. ఇప్పుడు అసలు సంగతి వినండి. తీసిన రోజు నుంచి ఇవాళ్టిదాకా అది ల్యాబ్‌లోనే ఉంది. 136 ఏళ్ళు సముద్రంలో నానిన ఇనుము ఒళ్ళంతా ఉప్పు పీల్చుకుని ఉంటుంది, గాలికి ఆరబెడితే ఆ ఉప్పు లోపల్నుంచి ఉబ్బి ఇనుముని పెచ్చులు పెచ్చులుగా విరగ్గొట్టేస్తుంది. అందుకని పెద్ద ట్యాంకులో చల్లటి నీళ్ళలో పెట్టారు, మీద గట్టిపడ్డ పెంకు అంతా చిన్న ఉలులతో చేత్తో వలిచారు, 2014 నుంచి నీళ్ళలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపి ఉప్పు బయటికి లాగుతున్నారు. శని ఆదివారాలు జనాన్ని రానిస్తారు, పైన ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ట్యాంకులోకి తొంగి చూడాలి. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళా, అమ్మ ఆ క్రాంక్ చూసి "ఏడుగురు మనుషులు ఇందులోనా" అని చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

లోపల ఎనిమిది మంది ఎముకలూ ఎవరి చోటులో వాళ్ళవి ఉన్నాయి. 2004 ఏప్రిల్లో వేలమంది వచ్చి సాగనంపి సమాధి చేశారు. కెప్టెన్ డిక్సన్ దగ్గర బుల్లెట్ తగిలి వంగిన బంగారు నాణెం కూడా దొరికింది, ఒకప్పుడు అతని కాలుని కాపాడిన నాణెం అది.

12 మీటర్లదానికే పాతికేళ్ళు. ఘాజీ 95 మీటర్లు, 1944లో అమెరికాలో డయాబ్లో పేరుతో నీళ్ళలోకి దించినది, 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చారు. అంత ట్యాంకు ఎక్కడ కడతాం, ఎవరు నడుపుతారు?

అక్కయ్యపాలెం కుర్రాడు:

అందరూ ఒకేమాట అంటున్నారు, నేను వేరేలా అంటా, ఏమనుకోకండి. ఇప్పటికీ ఘాజీ ఎలా మునిగింది అంటే మనవాళ్ళు ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జిలు, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులు, అంటారు, పాకిస్తాన్ వాళ్ళు మైన్లు పరుస్తుంటే ప్రమాదం జరిగింది అంటారు, ఇంకొందరు బ్యాటరీలు ఛార్జ్ అవుతుంటే వచ్చే హైడ్రోజన్ పేలింది అంటారు. పైకి తీస్తే తేలిపోతుంది కదా. విక్రాంత్ కోసం వచ్చిన సబ్‌మెరైన్‌ని విక్రాంత్ ఇక్కడే ఉందన్నట్టు నమ్మించి, అసలు ఓడని అండమాన్ వైపు దాచిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారి ప్లాన్ ఎంత గొప్పదో మన పిల్లలకి తెలియాలి. నిజం తెలియాలంటే సాక్ష్యం కావాలి.

సముద్ర సర్వే:

తమ్ముడూ, సాక్ష్యం కోసం పైకి తియ్యక్కర్లేదు. ప్లేట్లు బయటికి వంగాయా లోపలికి వంగాయా, అంటే పేలింది లోపలా బయటా అన్నది కెమెరా చూపిస్తుంది, మల్టీబీమ్ సోనార్‌తో మొత్తం ఆకారం గీయొచ్చు. పైకి లాగితేనే ఉన్న సాక్ష్యం విరిగిపోయే ప్రమాదం ఎక్కువ. పైగా లోపల పేలని టార్పెడోలు, మైన్లు ఉండొచ్చు, అది హార్బర్‌కి దగ్గర.

పెదజాలరిపేట ఆడపడుచు:

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతానంతే. ఈరోజు రాయాలనిపించింది.

మాది వేటకెళ్ళే కుటుంబం. 71లో మా నాన్నకి పదహారేళ్ళు. ఆ రాత్రి ఊరంతా బ్లాకౌట్, దీపాలు లేవు, అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడయ్యి గోడ మీది గిన్నెలు పడ్డాయంట, మా నానమ్మ భూకంపం అనుకుని పిల్లల్ని లాక్కుని ఇసుకలోకి పరిగెత్తింది. తెల్లారాక వేటకెళ్ళినవాళ్ళు నీళ్ళ మీద నూనె తెట్టు చూశారు, ఏవో ముక్కలు తేలుతున్నాయి. నేవీ వాళ్ళకి చెప్పింది మా జాలర్లే.

మా నాన్న తర్వాత సొంత బోటు కట్టుకున్నాడు. యారాడ కొండ మీది లైట్‌హౌస్‌ని ఒకదానికీ, హార్బర్ గోడని ఇంకోదానికీ గురి పెట్టుకుని చోటు పట్టీవోడు, అప్పట్లో జీపీఎస్‌లు లేవు కదా. ఘాజీ అక్కడుంది అని పెద్దలు చెప్పిన చోటు వస్తే వల దించీవోడు కాదు. ఇనుముకి తగిలితే వల చిరిగిపోద్ది, అదొకటి. "రెండోది అక్కడ మనుషులున్నారమ్మా" అనీవోడు. ఏ దేశం వాళ్ళైతేనేం, అనీవోడు.

మా చిన్నాన్న ఒక తుఫానుకి వేటకెళ్ళి రాలేదు. శవం దొరకలేదు. మా పిన్ని ఇప్పటికీ బొట్టు తియ్యలేదు, ఎవరూ తియ్యమనలేదు కూడా. ఏటా ఆ రోజున గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి అలల్లో వదుల్తాం, ఎటు వదలాలో తెలీదు, ఊరికే తూర్పుకి వదుల్తాం. ఏ చోటు అన్నది తెలిస్తే మా పిన్నికి ఎంత తేడానో నాకు తెలుసు. అందుకే వెతకండి, ఫోటోలు తియ్యండి, చోటు చెప్పండి. ఘాజీలో 90 మందికి పైగా ఉన్నారంటారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక వైపుకి తిరిగి దణ్ణం పెట్టుకుంటుంటారు కదా. కదపకండి.

అక్కయ్యపాలెం కుర్రాడు:

అక్కా, నేనంత ఆలోచించలేదు. సారీ.

హల్ సెక్షన్ తాత:

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేవీ కూడా అదే మర్యాద పాటించింది, కనిపెట్టాక ముట్టుకోలేదు, అందులో పోయినవాళ్ళ గౌరవం కోసం అలాగే వదిలేశాం అని చెప్పారు. మనకీ ఉంది అలాంటి చోటు. అదే యుద్ధంలో డిసెంబర్ 9న డయ్యూకి అవతల మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగింది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు, కెప్టెన్ ముల్లా గారు ఓడతోనే వెళ్ళిపోయారు. దాన్ని ఎవరైనా కెలికితే మనం ఊరుకుంటామా? దాన్ని ముంచిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ కరాచీలో మ్యూజియంగా ఉంది, వాళ్ళ పిల్లలు దాన్ని చూస్తారు, మన పిల్లలు కుర్సురాని చూస్తారు.

మధురవాడ నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి వాడికి మొత్తం చదివి వినిపించా, ఆడపడుచు గారి పోస్టు దగ్గర రెండుసార్లు చదవమన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అడగలేదు. పొద్దున్న లేచి మాత్రం కుర్సురా అడుగున దిమ్మలు చూడాలి, ఆ రోజు పైనే చూసి వచ్చేశాం అన్నాడు. తాతగారూ, ఎటువైపు నుంచి చూస్తే కనపడతాయి? మీకు వీలైతే మీరు కూడా వస్తే వాడికి చాలా సంతోషం.

హల్ సెక్షన్ తాత:

తప్పకుండా వస్తాను బాబూ. సోమవారం మ్యూజియం సెలవు, ఆదివారం జనం తోసుకుంటారు. బడి లేని శనివారం ఏదైనా చూసి రండి, మధ్యాహ్నం తెరవగానే. సముద్రం వైపు నుంచి మొదలుపెడదాం, గాలి తగిలే పక్క అదే, తుప్పు ముందు వెతకాల్సింది అక్కడే. ఒక టార్చ్‌లైట్ తెచ్చుకోమనండి, నా పాత చిప్పింగ్ హామర్ నేను తెస్తాను, కొట్టడానికి కాదు, చేత్తో పట్టుకుని చూడ్డానికి.